విక్టోరియన్ డ్రెస్ అంటే ఏ ఏడాది డ్రెస్?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఫ్యాషన్ డిజైనింగ్ చివరి సంవత్సరంలో ఉన్నారు. కాలేజీ షోలో ర్యాంప్ మీదికి విక్టోరియన్ స్ఫూర్తితో ఒక డ్రెస్ పంపాలి. చేతిలో ఆరు వారాలు, ఎనిమిది వేల రూపాయలు ఉన్నాయి. స్కెచ్‌లో పైన నడుం బిగించే కార్సెట్, కింద లోపలి వలయాలతో గుండ్రంగా నిలిచే హూప్ స్కర్ట్, భుజాల దగ్గర పెద్ద బుట్టచేతులు, నెత్తిన ఈకల టోపీ గీశారు. అంతా నలుపు, అంచులన్నిటికీ లేస్. "ఇది చాలా, ఇంకేమైనా చేర్చాలా?" అని అడిగారు.

చేర్చాల్సింది ఏమీ లేదండీ. తీసేయాల్సినవే చాలా ఉన్నాయి. ఇరవై రెండేళ్లుగా స్టేజీ డ్రెస్సులు కుడుతున్నాను. ఈ స్కెచ్ ఏటా ఎవరో ఒకరు నా దగ్గరికి తెస్తారు. మొదట్లో నేనూ ఇదే గీసేదాన్ని కాబట్టి మిమ్మల్ని తప్పుపట్టను.

విక్టోరియా రాణి 1837లో గద్దెనెక్కి 1901లో చనిపోయింది. దాదాపు 64 ఏళ్లు. ఇప్పటికి 64 ఏళ్ల కింద మన అమ్మమ్మలు కట్టిన చీర, జాకెట్ పక్కన మీ బట్టలు పెట్టి, రెండూ ఒకే స్టైల్ అంటే ఒప్పుకుంటారా? ఆ 64 ఏళ్లలో ఆకారం ఐదారుసార్లు పూర్తిగా మారింది. మీ స్కెచ్‌లో హూప్ 1860 నాటిది, చేతులు 1895 నాటివి. కార్సెట్ పైకి కనిపించడం ఏ ఏడాదిదీ కాదు, ఎందుకంటే అది లోదుస్తు. దాన్ని పైన వేసుకోవడం మన కాలం వాళ్లు పెట్టిన ఫ్యాషన్. కావాలని చేస్తే తప్పులేదు, కానీ తెలిసి చేయాలి.

ఇన్నేళ్లలో నాకు పట్టుబడిన సూత్రం ఒకటుంది. ఆ కాలం డ్రెస్ దాదాపు ఏదైనా తీసుకోండి, పెద్ద ఉబ్బు ఉంటే ఒక్కచోటే ఉంటుంది. 1840లలో వరుసగా తొడిగిన లోపలి లంగాలతో గంటలాంటి పావడా, పైన వాలు భుజాలు, బిగుతు చేతులు. 1856లో స్టీలు వలయాల పంజరం వచ్చింది. దాంతో లంగాల బరువు పోయి, పావడా వెడల్పుకి హద్దు లేకుండా పోయింది. 1860ల చివరికి ముందువైపు చదునై, ఉబ్బంతా వెనక్కి జరిగింది. దాన్నే బజిల్ అంటారు. 1870ల చివర్లో కొన్నేళ్లు అది కూడా పోయి, డ్రెస్ మోకాళ్ల దాకా ఒంటికి అతుక్కుంది. 1883 ప్రాంతంలో బజిల్ మళ్లీ వచ్చింది, ఈసారి నడుం కింద అర చెక్క తగిలించినట్టు అడ్డంగా. 1890లలో అది మాయమై ఉబ్బు చేతుల్లోకి ఎక్కింది, 1895 నాటికి మోచేతి పైభాగం దిండంత అయింది. అలా చేతులు ఉబ్బినప్పుడు పావడా సాదా, వెనక ఉబ్బినప్పుడు చేతులు సన్నం. నడుము నాజూగ్గా కనిపించడంలో కార్సెట్ బిగింపు కొంతే, పక్కనున్న ఈ ఉబ్బు చేసే కనికట్టు చాలా ఎక్కువ. అన్నిచోట్లా ఉబ్బు పెడితే ఆ కనికట్టు పోతుంది. మనిషి పరుపుల మూటలా కనిపిస్తుంది.

కాబట్టి ముందు ఒక ఏడాది ఎంచుకోండి. దశాబ్దం కూడా కాదు, ఏడాది. మీకైతే నేను 1885 అంటాను. 1860 హూప్‌కి బట్ట విపరీతంగా పడుతుంది, పైగా ఇరుకు ర్యాంప్ మీద ఇద్దరు ఎదురైతే కష్టం. 1895 అన్నిటికన్నా తేలిక. ఆరేడు కలీల (పైన సన్నగా, కింద వెడల్పుగా కోసిన ముక్కల) పావడా, ఒంటికి సరిపోయే బాడీ (అంటే డ్రెస్ పై భాగం), బుట్టచేతులు. కానీ మన జడ్జీలకు బుట్టచేతులు కొత్త కాదు. పాత తెలుగు సినిమా హీరోయిన్ల జాకెట్లలో చూసీ చూసీ ఉన్నారు. 1885 డ్రెస్ ముందు నుంచి మామూలుగా ఉంటుంది, పక్కకి తిరగ్గానే ఆశ్చర్యపరుస్తుంది. ర్యాంప్ అంటే నడవడం, తిరగడం. తిరిగినప్పుడు పండే డ్రెస్ కావాలి.

ఇక రిఫరెన్స్. పింటరెస్ట్ మూసేయండి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం తమ దగ్గరున్న అసలు డ్రెస్సుల ఫోటోలు ఆన్‌లైన్‌లో పెట్టాయి, ఏడాదితో సహా. అప్పటి పత్రికల ఫ్యాషన్ బొమ్మలు కూడా చూడండి గానీ నమ్మేయకండి. వాటిలో పాదాలు బొటనవేలంత, నడుము పిడికిలంత ఉంటాయి. ఫోటోలు నిజం చెప్తాయి. రాజా దీన్ దయాళ్ పేరు విన్నారా? ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్, 1880లలో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. ఆయన తీసిన ఇంగ్లీషు కుటుంబాల గ్రూప్ ఫోటోల్లో ఈ డ్రెస్సులే మన ఎండలో, మన చెట్ల కింద, ముడతలతో సహా కనిపిస్తాయి. నేను ఆకారం వాటినుంచే నేర్చుకున్నాను.

ఇప్పుడు పనిలోకి వద్దాం. డ్రెస్ లోపలి నుంచి బయటికి కుట్టాలి. ఇది చెప్పడం తేలిక, పాటించడం కష్టం. ఎందుకంటే అందమైన బట్ట బల్ల మీద ఉంటే చెయ్యి కత్తెర మీదికి పోతుంది. నా మొదటి బజిల్ డ్రెస్ ఒక నాటకానికి కుట్టాను. పావడా మామూలు కొలతలతో కత్తిరించి, నేల అంచు కుట్టి, చివర్లో బజిల్ కట్టాను. బజిల్ వెనక భాగాన్ని ఎత్తేసింది. ముందు నేలకి తాకుతోంది, వెనక చీలమండలు కనిపిస్తున్నాయి. నాలుగు అంగుళాల తేడా! రాత్రికి రాత్రి వెనక ఫ్రిల్ అతికించాం. చూసినవాళ్లు బాగుందన్నారు, నాకు మాత్రం ఆ అతుకే కనిపించింది. అప్పటినుంచి మోడల్ చేత లోపలివన్నీ తొడిగించి, షో రోజు వేసుకునే చెప్పులతో నిలబెట్టి, ఆ తర్వాతే టేపు పడుతున్నాను.

బజిల్‌కి గట్టి కాటన్ డ్రిల్ గుడ్డ తీసుకోండి. నడుం నుంచి మోకాలి దాకా, వెనక సగానికే వచ్చే లంగా అనుకోండి. దానికి అడ్డంగా ఐదు గొట్టాలు కుట్టాలి, లంగా బొందు దూర్చే గొట్టంలాంటివే. పైది పొట్టిగా, కిందికి పోయేకొద్దీ పొడుగ్గా. వాటిలో స్టీలు పట్టీలు దూర్చాలి. డ్రెస్సుల కోసమే చేసే స్టీలు పట్టీలు (బోన్లు) ఆన్‌లైన్‌లో దొరుకుతాయి గానీ మీ బడ్జెట్‌కి ఎక్కువ. పెద్ద పార్సిల్ పెట్టెలకు చుట్టే స్టీలు పట్టీ పనికొస్తుంది. చివర్లు గుండ్రంగా ఆకురాయితో అరగదీసి, టేపు చుట్టండి, లేకపోతే మోడల్ తొడ కోసుకుపోతుంది. బుట్టలల్లేవాళ్ల దగ్గర సన్న పేము దొరికితే ఇంకా మంచిది. నీళ్లలో నానబెట్టి వంచి ఆరబెడితే ఆ ఒంపు అలాగే ఉండిపోతుంది. జీఐ వైరు (జింకు పూత ఇనప తీగ) మాత్రం వద్దు. ఒకసారి వంగితే మళ్లీ తిరిగి రాదు.

పట్టీలు దూర్చినంత మాత్రాన ఆకారం రాదు. అసలు కిటుకు లోపల ఉంది. ఒక్కో పట్టీ రెండు చివర్ల దగ్గరా నాడాలు కుట్టి, లోపలివైపు వాటిని ఒకదానికొకటి ముడేయాలి. నాడా బిగిస్తే పట్టీ విల్లులా వంగి వెనక్కి పొడుచుకొస్తుంది, వదులు చేస్తే చదునవుతుంది. విల్లుకి నారి కట్టినట్టే. 1885 ఆకారానికి పై రెండు పట్టీలు బాగా బిగించి, కిందివి కొంచెం వదలండి. ఇలా అంచెలంచెలుగా ఉండేదాన్ని కుట్టేవాళ్లు లాబ్‌స్టర్ టెయిల్ అంటారు, అంటే పెద్ద రొయ్య తోక. భీమవరం వైపు వాళ్లకి నేను ఇంకేం వివరించక్కర్లేదు.

దాని మీద ఒక లంగా తప్పనిసరి. వెనకవైపు మూడు వరసల ఫ్రిల్ ఉండాలి, గంజి పెట్టి ఇస్త్రీ చేయాలి. ఇది లేకపోతే పట్టీల గీతలు పై బట్ట మీద పక్కటెముకల్లా తేలతాయి. లెహంగాలకు వేసే క్యాన్‌క్యాన్ నెట్ వేస్తే పనవుతుందా అని అడుగుతారు. అవుతుంది, అయితే ఒకే పొర, వెనక మాత్రమే. చుట్టూ వేశారో, మళ్లీ పెళ్లికూతురి లెహంగాలోకే వచ్చి పడతాం.

తర్వాత అడుగు పావడా. ఆ కాలం డ్రెస్‌మేకర్ల తెలివి నాకు బాగా నచ్చేది ఇక్కడే. పైకి కనిపించే కుచ్చులు, మడతలు అన్నీ ఒక చవక గుడ్డతో కుట్టిన సాదా పావడా మీద అతికించినవే. ఖరీదైన బట్ట కనిపించేచోట మాత్రమే. మీరూ అంతే చేయండి. ముందు ఒక కలీ, పక్కలకి చెరొకటి, వెనక తిన్నటి ముక్క ఒకటి. కింద చుట్టుకొలత రెండుంపావు మీటర్లు చాలు. ఇంత తక్కువా అనుకోకండి, 1885లో పావడాలు అంతే సన్నం. అడుగున 20 సెంటీమీటర్ల ఎత్తున సన్న ప్లీట్ల పట్టీ రావాలి. ప్లీట్లు మూడింతల గుడ్డ తింటాయి. అంటే ఏడు మీటర్ల పొడుగు పట్టీ కావాలి. 110 సెంటీమీటర్ల పన్నా గుడ్డని అడ్డంగా ఏడు ముక్కలు చేసి కలుపుకుంటే, కుట్ల మడతతో కలిపి కూడా మీటరుం ముప్పావు లోపే సరిపోతుంది. పొడుగు చూసి భయపడి ఏడు మీటర్లు కొనకండి.

పై బట్ట విషయంలో నా సలహా మీకు వింతగా అనిపించవచ్చు. శాటిన్, వెల్వెట్ వద్దు. ఎనిమిది వేలలో వచ్చే శాటిన్ స్టేజీ లైట్ల కింద పార్టీ బెలూన్‌లా మెరుస్తుంది. ఒక మంగళగిరి కాటన్ చీర కొనండి. ఒళ్లంతా సాదా, అంచున నిజాం బార్డర్ ఉన్నది. చేనేత కాటన్ గంజి పట్టి మడత నిలబెడుతుంది. వెంకటగిరి అందమే గానీ ఈ పనికి మరీ మెత్తన, ఉబ్బు కూలిపోతుంది. ఐదున్నర మీటర్లలో రెండు మీటర్లు ముందువైపు ఏప్రన్‌లా అడ్డంగా వేయండి, బార్డర్ కింది అంచుకి వచ్చేలా. రెండు పక్కలా ఆ బట్టను మడతలు మడతలుగా పైకి లాగి కుట్టాలి. అప్పుడు ముందు భాగంలో బార్డర్ నెలవంకలా వంగుతుంది. ఇంకో రెండు మీటర్లు, కొంగుతో సహా, వెనక బజిల్ మీద జారవిడవాలి. మిగిలిన మీటరున్నర కాలర్‌కి, మణికట్టు పట్టీలకి, బాడీ ముందు భాగానికి.

వెనక జారే బట్ట ఉబ్బుగా నిలబడటానికి దాని అడుగున మూడు నాలుగు చోట్ల నాడా ముక్కలు కుట్టి, అడుగు పావడాకి కుట్టిన నాడాలతో ముడేస్తారు. బయటికి ఏదో అలవోకగా పడినట్టు ఉంటుంది, లోపల మాత్రం అంతా ముళ్లే. ఈ నాడాల చోట్లు బల్ల మీద నిర్ణయించకండి. మోడల్‌ని నిలబెట్టి, గుండుసూదులు పెట్టుకుంటూ, పది అడుగులు వెనక్కి జరిగి చూస్తూ చేయాలి. దీనికి ఒక పూట పూర్తిగా కేటాయించండి. మనం చీర కుచ్చిళ్లు ఎన్నిసార్లు విప్పి మళ్లీ సర్దుకుంటామో ఇదీ అంతే, మూడోసారికి గానీ కుదరదు.

బాడీ దగ్గర మీకు టెన్షన్ ఎక్కువున్నట్టుంది. నిజానికి మన ఊళ్లో జాకెట్లు కుట్టే టైలర్‌కి ఇందులో సగం పని ఇప్పటికే వచ్చు. లైనింగ్ పెట్టి ఒంటికి అతికినట్టు కుట్టడం, చంక బిగుతుగా పైకి ఉంచడం, ముందు హుక్కులు, లోతైన డార్ట్స్ (ఒంపు కోసం వేసే మడత కుట్లు). ఇవన్నీ 1885 బాడీకి కావాల్సినవే. జాకెట్టు అనే మాట కూడా ఇంగ్లీషు నుంచి మనకి వచ్చిందే. షర్టులు, కుర్తీలు కుట్టే టైలర్ దగ్గరికి మాత్రం వెళ్లకండి. వాళ్లు చంక కిందికి దింపుతారు. చంక కిందికి దిగితే చెయ్యెత్తినప్పుడల్లా బాడీ మొత్తం పైకి లేస్తుంది. చంక చిన్నదై పైకి ఉంటే చెయ్యి మాత్రమే లేస్తుంది. బిగుతు డ్రెస్‌లో సుఖం ఎక్కడుందంటే అక్కడే.

టైలర్‌కి విడిగా చెప్పాల్సినవి మూడున్నాయి. వీపు రెండు ముక్కలు కాదు, నాలుగు. వెన్ను దగ్గర సన్నగా ఉండే రెండు ముక్కలు, పక్కనుంచి చంకలోకి వంపు తిరిగే రెండు ముక్కలు. భుజం కుట్టు భుజం మీద ఉండకూడదు, వీపు వైపు వాలి ఉండాలి. చెయ్యి రెండు ముక్కలతో, మోచేతి దగ్గర కొంచెం వంగి ఉండాలి, కోటు చెయ్యిలా. ఈ మూడూ ఉంటే లేస్ ఒక్క అంగుళం లేకపోయినా ఆ కాలం తెలిసిపోతుంది. ముందువైపు బాడీ నడుం దాటి మొనదేలి దిగాలి. వెనక బజిల్ మీద చిన్న తోకలా మడతలతో ఆగాలి. మెడ పగటి డ్రెస్ అయితే గొంతు దాకా నిటారు కాలర్, రాత్రి విందుకైతే దించి కోయొచ్చు. చేతులు కూడా అంతే, పగలు మణికట్టు దాకా లేదా దానికి కొంచెం పైకి.

లైనింగ్ విడిగా కుట్టి లోపల వేలాడదీయకండి. ప్రతి ముక్కనీ దాని లైనింగ్ ముక్కతో కలిపి కచ్చా కుట్లు వేసి, రెండూ ఒకే గుడ్డ అన్నట్టు కుట్టాలి. ముందు కోరా గుడ్డతో ఒక నమూనా బాడీ కుట్టి, ఒంటి మీదే సరిచేసుకోండి. అసలు బట్ట ఆ తర్వాతే.

కార్సెట్ సంగతి. ఆరు వారాల్లో మొదటిసారి కార్సెట్ కుట్టి, దాని మీద బాడీ కుట్టడం మీకు కుదరదు. అడ్డదారి ఒకటి చెప్తాను. బాడీ లోపల కుట్ల వెంబడి గొట్టాల్లాంటి టేపు కుట్టి, వైర్లు కట్టే వెడల్పాటి ప్లాస్టిక్ కేబుల్ టైలు దూర్చండి. కరెంటు సామాన్ల కొట్లో దొరుకుతాయి. చివర్లు కత్తిరించి, కొవ్వొత్తి సెగకి గుండ్రంగా కరిగించండి. తర్వాత నడుం దగ్గర లోపల ఒక గట్టి పట్టీని వెన్ను కుట్టుకి, పక్క కుట్లకి మాత్రమే పట్టించి, ముందు హుక్కుతో బిగించండి. బాడీ గుండీల కంటే ముందు ఈ పట్టీ పెట్టుకోవాలి. లాగుడంతా అది మోస్తుంది, గుండీల దగ్గర చీలికలు రావు. అసలు ఆనాటి డ్రెస్సుల్లోనూ ఈ పట్టీ ఉండేది. మోడల్ నడుమును బిగించి తగ్గించే ప్రయత్నం అస్సలు వద్దు. బజిల్ ఉండగా ఆ అవసరమే రాదు. లోపల పల్చటి కాటన్ షెమీజ్ ఒకటి వేయించండి. చెమట అది పీలుస్తుంది, ఉతకాల్సింది అదొక్కటే.

రంగు నలుపే ఎందుకు? భర్త ఆల్బర్ట్ 1861 డిసెంబరులో చనిపోయాక విక్టోరియా బతికినంతకాలం నలుపే వేసుకుంది నిజమే. రాణిని చూసి దేశమంతా నలుపు కట్టిందని మనం అనుకుంటాం, ఫోటోలు కూడా నలుపు తెలుపు కాబట్టి. నిజానికి అవి కళ్లు చెదిరే రంగుల రోజులు. 1856లో విలియం పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు మలేరియా మందు క్వినైన్ తయారు చేయబోతే ఊదా రంగు తేలింది. అదే మొదటి రసాయన రంగుల్లో పేరు మోసిన మోవ్. వెంటనే మెజెంటా, ఇంకా ఎన్నో. మీరు ముదురు ఊదా తీసుకుంటే కథా ఉంటుంది, మంగళగిరి బంగారు అంచూ పండుతుంది. బాడీకి అదే రంగులో సాదా మంగళగిరి రెండున్నర మీటర్లు విడిగా కొనండి.

లేస్ మెడ దగ్గర, మణికట్ల దగ్గర, అంతే. మెరిసే నైలాన్ నెట్ లేస్ మొత్తం కష్టాన్ని బూడిదలో పోసేస్తుంది. నరసాపురం క్రోషే లేస్ అడగండి. ఆ అల్లిక గోదావరి జిల్లాకి వచ్చిందే 19వ శతాబ్దంలో, క్రైస్తవ మిషనరీల ద్వారా. కాబట్టి ఆ డ్రెస్ మీద అది అరువు సొమ్ములా ఉండదు. కొత్తది మరీ తెల్లగా ఉంటే పల్చటి టీ డికాక్షన్‌లో ఒక పది నిమిషాలు ముంచండి.

టోపీ చిన్నది, ఎత్తైనది, నుదుటి పైకి. జుట్టంతా పైకి దువ్వి ముడి. డబ్బులు మిగలకపోతే టోపీ మానేయండి, ముడి మానకండి. పిలకలు మెడ మీద పడితే నిటారు కాలర్ కనిపించదు.

ఒక జాగ్రత్త. ఆ రోజుల్లో వెడల్పు పావడాలకు నిప్పంటుకుని చాలామంది ఆడవాళ్లు చనిపోయారు. ఒంటికి దూరంగా ఉండే బట్ట ఎక్కడ తగిలిందో వేసుకున్న మనిషికి తెలియదు. మీ షో దీపం వెలిగించడంతో మొదలవుతుంది కదా, మోడల్‌ని ఆ కుందె వైపు పంపకండి.

మోడల్‌కి కూర్చోవడం కూడా నేర్పాలి. కుర్చీలో వెనక్కి చేరగిలబడితే బజిల్ నలిగిపోతుంది. వీపు లేని స్టూలు అంచున, కొంచెం పక్కకి తిరిగి కూర్చుంటే పట్టీలు ముడుచుకుని ఒక పక్కకి వాలతాయి, లేవగానే మళ్లీ విచ్చుకుంటాయి. ఆటోలో వేసుకుని రావడం కుదరదు, కాలేజీలోనే తొడిగించండి, అరగంట పెట్టుకోండి.

బజిల్, దాని మీద లంగా అయ్యాక, పై బట్టకి కత్తెర పెట్టకముందు, మోడల్‌ని పక్కనుంచి ఒక ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. ముందు నుంచి తీసింది నాకు అక్కర్లేదు. వెనక నాడాలు ఎంత బిగించాలో, ఎక్కడ వదలాలో అది చూసి చెప్తాను.